నేను రాసిన ఖండన

ఒక నాయకుడి దగ్గర పన్నెండేళ్ళుగా ప్రెస్‌నోట్లు రాస్తున్నాను. సభకు ముందు ఆయన చెవిలో నాలుగు ముక్కలు వెయ్యడం కూడా నా పనే. ఆ పేటలో ఈమధ్య ఎవరు పోయారు, ఏ రోడ్డు ఆగింది, జనం నవ్వే మాట ఒకటి. ఆయన నోరు జారితే ఖండన రాసేదీ నేనే. దానికి నా దగ్గర ఒక అచ్చు ఉంది. 'నా మాటలను వక్రీకరించారు. వీడియోను ఎడిట్ చేసి ప్రచారం చేస్తున్నారు. ఎవరి మనసైనా నొచ్చుకుంటే చింతిస్తున్నాను.' ఊరు, తేదీ మారిస్తే సరిపోతుంది. దాన్ని ఎవరూ నమ్మరని నాకు తెలుసు. ఎవరూ నమ్మనిది అబద్ధం ఎలా అవుతుందని సర్దిచెప్పుకునేవాణ్ణి.

మాది స్టీల్‌ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి నుంచి వచ్చిన కుటుంబం. మా ఇంట్లో ఏటి చేపల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళమే గాని, సముద్రపు చేపల పేర్లు మాకు నేర్పింది జాలరిపేట నుంచి మా వీధికి వచ్చే ఒకావిడ. వేటకు వెళ్ళిన భర్త తిరిగి రాలేదు. అప్పటినుంచి నెత్తి మీది చేపల తట్టే ఆవిడకు ఆధారం. ఒక ఆదివారం వంజరం చేప బేరమాడుతూ, మొదటే అంత రేటు ఎందుకు చెప్తావక్కా అని అడిగాను.

"నాను ఆకాశంలో సెప్తాను, నువ్వు పాతాళంలో అడుగుతావు. ఇద్దరం కలిసి నీ గుమ్మం కాడ దిగుతాం. నేకపోతే మీ ఆవిడకి నీ తెలివేటో ఎలా తెలుస్తాది బాబూ?" అంది. లోపలినుంచి మా ఆవిడ నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, జెట్టీ పనులవల్ల వేట ఆగిపోయిన కుటుంబాల పరిహారం గురించి సభ పెట్టారు. కారులో నాయకుడు నా వైపు తిరిగాడు. "ఏటోయ్, ఆడోళ్ళు ఎక్కువొస్తారట. నవ్వించే ముక్కేదైనా ఉందా?" అన్నాడు. నేను చేపలావిడ చెప్పిన ఆకాశం, పాతాళం మాట అందించాను.

వేదిక మీద ఆయన చేతిలో అది వేరే రూపం ఎత్తింది. "చేపకి బేరమాడినట్టే సముద్రానికీ బేరమాడతన్నారు వీళ్ళు. ముందు ఆకాశంలో చెప్తారు," అన్నాడు. ముందు వరసలో మా పార్టీవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆయనకు చాల్లేదు. "మొగుడు మునిగిపోయాడన్నా ముందు రేటే చెప్తారు," అన్నాడు.

నేను ఆయన వెనక మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎదురుగా జనంలో ఆ చేపలావిడ, చేతిలో పైకెత్తిన ఫోన్. పరిహారం ఇస్తానని ఆయన మాట ఇస్తే, సభకు రాని వాళ్ళకు చూపించడానికి తీస్తోంది.

సాయంత్రానికి ఆవిడ తీసిన వీడియో ఊరంతా తిరిగింది. నేను ఖండన పంపి ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను. ఆ మొగుడి ముక్క నాది కాదు, ఆయన కల్పించుకున్నది అని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు మా పార్టీ మనిషి ఒకడు ఆ ఖండన కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళాడు. ఎడిట్ చేశారని నాయకుడే అంటున్నాడు కాబట్టి, చేసినవాళ్ళెవరో పట్టుకోవాలని ఫిర్యాదు ఇచ్చాడు. అన్నేళ్ళలో ఆ వాక్యం రాసేటప్పుడు, చేసినవాళ్ళంటూ ఒకరు ఉండాలి కదా అన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు.

వేదిక మీద ఉన్నాను కనుక నన్ను సాక్షిగా పిలిచారు. వెళ్ళేసరికి ఆవిడ బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ముఖం తేటపడింది.

"ఈ బాబు అక్కడే ఉన్నాడు. ఈయన్ని అడగండి. నానేటీ కలపనేదు," అంది ఎస్సైతో.

ఎస్సై నన్ను అడిగాడు. మా అమ్మాయికి అచ్యుతాపురం కంపెనీలో ఉద్యోగం నాయకుడి ఫోన్ మీద వచ్చింది. చేరి నాలుగు నెలలు. అదొక్కటే నా తలలో తిరిగింది. వీడియోలో ఉన్నది నేను విన్నది కాదని చెప్పాను. రాసిన కాగితం ముందుకు జరిపితే సంతకం పెట్టాను. నేను బయటికి వచ్చేదాకా ఆవిడ నా చేతివంకే చూసింది.

ఆవిడ ఫోన్ స్టేషన్‌లో ఉండిపోయింది. ప్రతి సోమవారం తొమ్మిదింటికి వచ్చి సంతకం పెట్టి పొమ్మన్నారు. రేవులో చేపల వేలంపాట అయ్యేదీ ఆ వేళకే. సోమవారాలు ఆవిడ తట్ట ఖాళీ. మా వీధికి రావడం మానేసింది.

మూడు నెలలు తట్టుకుని, ఒక పొద్దున్న జాలరిపేట వెళ్ళాను. ఒడ్డున ఎండుచేపలు పరుస్తోంది. పక్కనే నిలబడి అంతా చెప్పాను, మాట నాదగ్గరినుంచే వెళ్ళిందనీ, సంతకం అబద్ధమనీ.

"ఆ మాట ఎలా ఎల్లిందో నాకు ఆ రోజే తెలుసు. నీకు తప్ప ఎవరికి సెప్పినాను?" అంది పని ఆపకుండా.

"క్షమించక్కా."

"నాకెందుకు సెప్తన్నావు? నాకు తెలీందేటుంది ఇందులో? తెలీనోడు ఎస్సై. ఆయనకి సెప్పు." ఇంకో చేప తిరగేసి, "సోమారం తొమ్మిదింటికి ఎల్తాను. నువ్వూ రా," అంది.

ఏడు సోమవారాలు గడిచాయి. అమ్మాయి ఉద్యోగం ఉంది, నా ఉద్యోగం ఉంది. మొదటి సోమవారం మాత్రం స్టేషన్ ఎదురుగా ఉన్న టీకొట్టు దాకా వెళ్ళాను. ఆవిడ నన్ను చూసింది. లోపలికి వెళ్ళకుండా గేటు దగ్గర ఆగింది. రోడ్డు దాటితే చాలు. నేను టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాను. తలెత్తేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.