నాలుగో గర్జన

ఇందులో ఒక్క అంకె కూడా కల్పన కాదు. 1989 నవంబరు. రాత్రి 11.20. జూబ్లీ హిల్స్‌లోని మా ఇంటి నుంచి పార్కు గేటుకు 24 కిలోమీటర్లు. టేపు 1200 అడుగులు. ముప్ఫై రెండు నిమిషాలు.

నేను సౌండ్ రికార్డిస్టును. ఆ సఫారీ పార్కు చరిత్రపై డాక్యుమెంటరీ తీస్తున్నారు. సర్కస్ బోన్లలో పుట్టిన సింహాలకు నేల ఇచ్చి, చూడవచ్చిన మనుషులను బండిలో కూర్చోబెట్టి తలుపులు మూసిన పార్కు అది. మొదట వచ్చిన జంటలో ఆడసింహం నెల క్రితం చనిపోయింది. ముసలి మగసింహం ఆనాటి నుంచి గొంతెత్తలేదు. నాకేమో గర్జన కావాలి.

ఆడసింహం బతికుండగా రికార్డు చేసిన గొంతు నా దగ్గర ఉంది. పదకొండు సెకన్లు.

"వద్దు సార్. దాన్ని పరేషాన్ చెయ్యకుండ్రి," అన్నాడు యాదగిరి. పగలు సఫారీ బండి నడిపేదీ, రాత్రి ఇనుపగదుల తలుపులు చూసేదీ అతనే. "ఇప్పుడిప్పుడే రెండు ముక్కలు తింటున్నది."

"ఒక్కసారి బయటికి వదులు యాదగిరీ. నీకేమైనా అయితే నేను లేనా?"

తలుపు తీసి వదిలాడు, వచ్చి బండెక్కాడు. బండి పైనున్న స్పీకరులో మూడుసార్లు వినిపించాను.

ఎండుగడ్డి నలిగింది... శ్వాస... బండికి ఆరడుగుల దూరంలో సింహం ఆగింది. గర్జించలేదు. స్పీకరు కేసి తల ఎత్తి చూసింది... అలాగే చూసింది. నేను స్విచ్ ఆపేశాను. రికార్డరు మాత్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడు... చటుక్కున వెనక్కి తిరిగింది. ఎదుటి గుట్ట వైపు. చెవులు నిక్కించి.

మాకేమీ వినిపించలేదు.

"ఏంది సార్, గట్ల జూస్తున్నది?" అన్నాడు యాదగిరి. "ఆడది పండేది గాడనే..."

మరునాటి రాత్రి 1.40. ఫిల్మ్‌నగర్ రికార్డింగ్ థియేటరు. ఎడిటర్ ప్రభాకర్‌కు స్పీకరు సంగతి చెప్పలేదు. టేపు వేశాను. మూడు గర్జనలు. 'టక్'మని స్విచ్. తరువాత నిశ్శబ్దం... నలభై సెకన్లు...

ప్రభాకర్ ఎగిరి గంతేశాడు. "నాలుగోది అదిరిందండీ! ఆ మూడూ డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి. ఇదేంటండీ బాబూ, ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టుంది!"

కొలిచాను. పద్నాలుగు సెకన్లు. ప్రతిధ్వని కాదు. పాత శబ్దం మిగిలిందనుకోవడానికి లేదు, టేపు కొత్తది. ఇనుపగదుల్లోని మరో సింహమా? కావచ్చు. అయితే మా నాలుగు చెవులకూ ఎందుకు వినిపించలేదు?

ఆనాటి నుంచి మగసింహం మాంసం ముట్టలేదు. గదిలోకి రాలేదు. ఆ గుట్ట దగ్గరే కూర్చుంది. తొమ్మిదో రోజు చనిపోయింది.

విచారణలో యాదగిరి ఉన్నదున్నట్టు చెప్పాడు. నన్ను అడిగారు. "నేనేమీ వినిపించలేదు" అన్నాను. యాదగిరి నా వైపు చూశాడు.

ఆ రాత్రే టేపు చెరిపేశాను, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా. అది ఏమిటో తేల్చే దారి ఇక లేదు. ప్రభాకర్‌ను అడగవచ్చు. అడిగితే మిగతాదంతా చెప్పాలి.

నష్టం: సింహం ఒకటి. టేపు 1200 అడుగులు. యాదగిరి ఉద్యోగం.

నాకు: ఏమీ లేదు. పారితోషికం పూర్తిగా ముట్టింది.