ఎత్తుకోవద్దన్నది నేనే

పన్నెండేళ్ళుగా ఒక్క మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇవాళ దించుతున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అసలు ఇందులో సగానికి నాకు పశ్చాత్తాపమే లేదు, ముందే చెబుతున్నాను.

విజయవాడలో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా చేసేదాన్ని. పేర్లు వద్దు. హనుమాన్ జంక్షన్ దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి మూడో కాన్పుకి వచ్చింది. నాలుగేళ్ళలో మూడు. ఒంట్లో రక్తం లేదు, కంటి రెప్ప కిందికి లాగి చూస్తే లోపలంతా తెల్లగా ఉంది. మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. ఆమె కాళ్ళ వణుకు ఇంకా తగ్గనేలేదు, అత్తగారు మంచం పక్కన నిలబడి, ఏడాది తిరిగేసరికి మగపిల్లాడి కోసం మళ్ళీ వస్తామని నాకు మాటిచ్చింది. నేనడిగానా?

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అంటే ఆ ఇంట్లో వినరు. రక్తం చాలదు, ఇంకో కాన్పు ప్రమాదమని డాక్టరమ్మ విడమర్చి చెబితే, దానిమ్మకాయలు పెడతాంలెండి అంది అత్తగారు. అప్పుడు నేను ఆవిడను వరండాలోకి పిలిచి, కోడలి గర్భసంచి పలచబడిపోయిందని, మళ్ళీ కడుపొస్తే సంచి పగిలి ఇద్దరూ దక్కరని చెప్పాను. పచ్చి అబద్ధం. సంచి శుభ్రంగా ఉంది. కానీ రక్తం సంగతి చెవికెక్కని మనిషికి పలచబడిందన్న మాట ఎక్కింది. ఆవిడ మొహం మాడిపోయింది. నాకు, నిజం చెప్పొద్దూ, సంతోషం వేసింది. ఇవాళ అదే వరండాలో నిలబెట్టినా అదే చెబుతాను.

మరి ఆ అమ్మాయిని అడిగానా? లేదు. ఆమెకు నిజం చెప్పానా? అదీ లేదు. తన ఒంటి గురించి ఆమె అత్త నోటి నుంచే విన్నది.

మూడేళ్ళ తర్వాత, నేను పిల్లల వార్డులో ఉండగా, ఆ అమ్మాయి చిన్నదానికి జ్వరమని తీసుకొచ్చింది. అత్తగారు మందుల షాపుకి వెళ్ళింది. గదిలో మేమిద్దరమే. పిల్ల చేతులు చాచి ఏడుస్తోంది. తల్లి వంగి కళ్ళు తుడుస్తోందే తప్ప ఎత్తుకోదు.

"ఎత్తుకోమ్మా, అట్టా ఏడిపిస్తావేంటి?" అన్నాను.

"ఎట్టా ఎత్తుకునేదండీ? నా సంచి పలచబడిందన్నారంటగా మీరు. బరువెత్తితే జారిపోద్దంట. పాలప్పుడు కూడా మా అత్తే తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టేది." తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఇప్పుడైనా ఎత్తుకోవచ్చా సిస్టర్?"

"ఎందుకొచ్చిన గొడవమ్మా. వద్దులే," అన్నాను.

ఎందుకన్నాను? ఎత్తుకోమంటే సంచి బాగున్నట్టే, ఆ కబురు సాయంత్రానికి అత్తకు చేరుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పి, నీలోనే దాచుకోమనొచ్చుగా? అనలేదు. నా అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. తన ఒంటి సంగతి తను దాచుకోగలదని, తన మంచిచెడ్డలు తను చూసుకోగలదని నేను నమ్మలేదు. అత్తగారూ నమ్మలేదు. మా ఇద్దరికీ తేడా ఏముంది?

ఆ పిల్ల ఇప్పుడు హైస్కూలుకు వెళ్తూ ఉంటుంది. చంకనెత్తుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఇది రాస్తుంటే నాకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. అత్తను తిట్టండి, మగపిల్లాడి పిచ్చిని తిట్టండి, మీతో కలిసి నేనూ తిడతాను. కానీ ఆ రోజు ఆ గదిలో వాళ్ళెవరూ లేరు. ఆమె అడిగింది నన్ను. వద్దన్నది నేను.