దారం లేని రాట్నం

ఈమధ్య నా ఎడమ చెవిలో ఒక కీచురాయి కాపురం పెట్టింది. పొమ్మంటే పోదు. వేలూరు పక్కన సత్తువాచారిలో మా కోడలు చూపించిన డాక్టరు పరీక్షలన్నీ చేసి, వయసుతో బాటు వినికిడి తగ్గిందనీ, ఈ మోతను పూర్తిగా ఆపే మందు లేదనీ చెప్పాడు. నేనెక్కడ బెంబేలు పడతానో అని పాపం చాలా మెల్లగా చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఆ మాట నేను చిన్నప్పుడే, మా అవ్వ పక్కన కూర్చుని విన్నాను.

మాది గుడియాత్తం. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి అవ్వది. వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గాలే. తెల్లారినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా టకటకలు. ఆ మోతలో మాట్లాడాలంటే అరవాల్సిందే. అలవాటు కొద్దీ మావాళ్ళు పెళ్ళిచూపుల్లో కూడా అరిచేవాళ్ళు. వీళ్ళు పిల్లను చూడ్డానికి వచ్చారా, తగాదాకు వచ్చారా అని అవతలివాళ్ళు హడలిపోయేవాళ్ళు. అమావాస్య నాడు మాత్రం ఎవరూ మగ్గం ముట్టరు. ఆ రోజు వీధంతా నిశ్శబ్దంగా ఉండేది.

తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం వచ్చిన కాలం అది. చిత్తూరు అటు పోయింది, మేము మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాం. మా ఇంట్లో మాత్రం అంతకంటే పెద్ద వార్త, కరెంటు రావడం. బల్బు వెలిగాక వచ్చిన మొదటి అమావాస్య నాడు, మధ్యాహ్నం నడుం వాల్చిన అవ్వ దిగ్గున లేచి కూర్చుంది.

"యాడో గుయ్యిమంటా ఉండాది. మీకు వినపళ్ళేదా?"

మాకేమీ వినపడలేదు. అవ్వ బల్బు వైపు అనుమానంగా చూసింది. "దీని పనే ఇది. తీగలో కరెంటు పారతాది గదా, ఆ సత్తం. పగలు మగ్గాల మోత, రాత్రి ఒళ్ళు తెలీని నిద్ర, ఇన్నాళ్ళూ తెలీలేదు."

నాయన మెయిను ఆపాడు. మోత ఆగలేదు. "తీగలో మిగిలింది ఇంకా పారతా ఉండాది" అంది అవ్వ.

మరుసటి అమావాస్యకూ అదే గోల. "కరెంటు తీసేయి నాయనా. లేకుంటే నేను మా తమ్ముడింటికి పోతా. ఆడ ఇంకా తీగలు రాలేదు" అని తేల్చి చెప్పింది. ఆ తమ్ముడి ఊరు చిత్తూరు దగ్గర మగ్గాల్లేని పల్లె. నాయన కుదరదన్నాడు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం, పక్కలో పడుకోబెట్టుకోవడం, నాకు అన్నీ అవ్వే. బల్బు కావాలా అవ్వ కావాలా అని నన్నడిగుంటే ఆ బల్బును రాయి పెట్టి కొట్టేదాన్ని. ఎవరూ అడగలేదు. అవ్వ మూట కట్టుకుని చిత్తూరు బస్సెక్కింది. ముసలమ్మ ఆంధ్రాకి కాపురం పోయిందని వీధంతా నవ్వుకున్నారు. నేను అన్నం మీద అలిగాను.

వారం తిరక్కుండానే అవ్వ అదే మూటతో దిగింది.

"ఏమ్మా, ఆంధ్రాలో సత్తం లేదు గదా?" అన్నాడు నాయన.

"ఉండాది. ఇంకా జాస్తిగా ఉండాది. మన కరెంటు ఆడిదాకా వినపడతా ఉండాదిరా!"

నాయన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. కాసేపటికి అవ్వకూ నవ్వొచ్చింది. నవ్వి నవ్వి, చెవి మీద చెయ్యి పెట్టుకుని, "అంటే ఇది నాలోనే ఉండాదా?" అంది. అప్పుడు ఆమె ముఖంలో భయం చూశాను. నాకూ భయమేసింది.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. ఒకరు వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యమన్నారు. ఒకరు మిరియాల కషాయం తాగమన్నారు. పక్కింటామె అయితే, చెవిలో దూరింది ఏదైనా సరే గట్టిగా అదిలిస్తే బయటికి పోతుందంది. దానికి ఏ భాష వస్తుందో తెలియదు కాబట్టి తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి అరిచింది. అది పోలేదు గానీ వాకిట్లో పిల్లి పారిపోయింది.

చివరికి నాయన వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేను ఏడ్చి వెంటపడ్డాను. డాక్టరమ్మ చెవులు చూసి, అవ్వ ఏం పని చేస్తుందో అడిగింది. ఏళ్ళ తరబడి మగ్గం మోతలో ఉండడం వల్ల వినికిడి తగ్గిందని చెప్పింది. ఈ గుయ్యిని ఆపే మందు లేదు, కాకపోతే నిశ్శబ్దంలో ఉండొద్దు, పక్కన ఏదైనా చిన్న సవ్వడి ఉండేట్టు చూసుకోమంది.

అవ్వ దారి పొడుగునా ఆలోచించింది. తర్వాతి అమావాస్య నాడు కండెలకు దారం చుట్టే రాట్నం పక్కన పెట్టుకుని, తిప్పమని నన్ను కూర్చోబెట్టింది. అమావాస్య పూట పనేంటని అమ్మ గొణిగింది.

"దారం వేసి తిప్పితే పని. దారం లేకుంటే అది పనెట్లయితాది?" అంది అవ్వ.

అలా నాకు అమావాస్య సెలవులు పోయాయి. బయట పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నేను ఉత్త రాట్నం కిర్రుకిర్రుమని తిప్పుతూ ఉండేదాన్ని. ఉడుక్కునేదాన్ని, కానీ అవ్వ మా ఇంట్లోనే ఉండిపోయినందుకు లోపల చెప్పలేనంత సంతోషం. అవ్వ హాయిగా నిద్రపోయేది. చెయ్యి నొప్పి పుట్టి ఆపానంటే చాలు, కళ్ళు తెరవకుండానే "మళ్ళా వచ్చేసె. తిప్పమ్మా" అనేది. జన్మంతా మోతలో పనిచేసిన చెవి ఖాళీగా కూర్చోలేక తనకు తానే మోత చేసుకుంటుందేమో అని ఇప్పుడనిపిస్తుంది. మా అవ్వా అంతే, ఊరికే కూర్చోవడం ఆమెకూ చేతకాదు.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళి కుదిరిన ఏడు, ఒక అమావాస్య నాడు రాట్నం తిప్పుతుండగా వంటింట్లో ఇత్తడి బిందె దభీమని పడింది. నేను ఉలిక్కిపడ్డాను. మేలుకునే ఉన్న అవ్వ రెప్ప కూడా కదల్చలేదు. చెవి దగ్గరికి వంగి అరిచాను.

"అవ్వా, నీకు రాట్నం వినపడతా ఉండాదా?"

"లేదమ్మా. శానా దినాలాయ."

"మరి ఏంటికి తిప్పమంటావు?"

"నిలిపేస్తే నువ్వు లేసి పోతావు గదా."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మళ్ళీ తిప్పాను.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో వాన చప్పుడు పెట్టి, నా తలగడ పక్కన ఉంచి వెళ్ళిపోతుంది. మంచి పిల్లే. కానీ ఆ వాన వింటే నాకు నిద్రకు బదులు బాత్రూము గుర్తొస్తుంది. నిన్న దాని చేత అటక మీది అవ్వ రాట్నం దింపించాను. దుమ్ము దులిపి, ఇరుసుకు నూనె చుక్క వేసి, తిప్పమన్నాను.

"దారం యాడవ్వా?" అంది.

"దారం వద్దులే, నువ్వు కూచో" అన్నాను.