వేలిముద్ర వద్దన్న మనిషి

మొన్న లక్సెట్టిపేట బ్యాంకులో ఒక ముసలమ్మ ముందు గుమస్తా సిరా డబ్బా తెరిచాడు. ఆ ఘాటు వాసన తగలగానే నా బొటనవేలు దానంతట అదే పిడికిట్లో దాక్కుంది. జర్ఫాన్ దేశంలో, ఒక వంటింట్లో అబ్బిన అలవాటు అది.

భర్త పోయాక, నలభై దాటిన వయసులో, నేను ఆ ఎడారి దేశానికి వంటపనికి వెళ్లాను. యజమాని యూనుస్ సాహెబ్ అప్పట్లో జడ్జి. హైదరాబాద్‌లో చదువుకున్నందువల్ల ఉర్దూ బాగా మాట్లాడేవారు; నాకూ కాస్త వచ్చు. మొదటి రోజు ఏజెంటు నా ముందు ఒప్పంద కాగితం, సిరా డబ్బా పెట్టాడు. సాహెబ్ ఆ డబ్బా మూత వేసి, కాగితంలో ఏముందో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. తెలియని దానికి వేలు ఎలా ఇస్తావన్నారు. పనివాళ్ల పాస్‌పోర్టులు యజమానులు దాచుకోవడం అక్కడ ఆనవాయితీ. ఆయన మాత్రం నాది నా చేతికే ఇచ్చారు.

ఆయన డ్రైవర్ సత్తన్నది జమ్మికుంట. సాయంత్రాలు నాకు తెలుగు అక్షరాలు నేర్పమని సాహెబ్ అతనికి పురమాయించారు. ఈ వయసులో పలకేమిటని నేను ముడుచుకుపోతుంటే, సాహెబ్ తానూ ఒక పలక తెచ్చుకుని నా పక్కన పీట మీద కూర్చున్నారు.

"సాబ్, గిది 'అ' కాదు. పండుకున్న బర్రె" అన్నాడు సత్తన్న.

"ఉండనీ తమ్మీ, పాలన్న ఇస్తది" అన్నాను నేను. సాహెబ్ నవ్వుతూ కుర్తా చేతితో చెరిపి మళ్లీ రాశారు.

నాలుగేళ్లకు ఆయన దేశాధ్యక్షుడయ్యారు. పాస్‌పోర్టు పనివాళ్ల దగ్గరే ఉండాలని, వాళ్ల భాషలో లేని కాగితం మీద ముద్ర చెల్లదని చట్టం తెచ్చారు. ఆడవాళ్లు జడ్జీలయ్యారు. సైన్యాధికారులు పళ్లు నూరారు. నేను ఆయన ఇంట్లోనే వంట చేస్తున్నాను. అధ్యక్షుడి కారు సైనికుడే నడపాలన్నారు కాబట్టి, సత్తన్న రేవులో లారీ పనికి వెళ్లిపోయాడు.

రేవులో జీతాల కోసం సమ్మె జరిగింది. వారం తర్వాత సత్తన్న భార్య జమ్మికుంట నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, గాయినను జైల్ల వెట్టిండ్రట. మీ సాబ్‌కు జర చెప్పు."

అన్నం వడ్డిస్తూ చెప్పాను. అది ఎవరో కింది అధికారి పని అయి ఉంటుందని ఆయన కాగితాలు తెప్పించారు. పప్పు గిన్నె పక్కకు జరిపి ఒక్కొక్కటే తిప్పారు. ఒకచోట వేలు ఆగిపోయింది. ఆ లిపి నాకు రాదు. కానీ కింద ఉన్న సంతకం ఎవరిదో గుర్తుపట్టాను. సమ్మె చేసినవాళ్లను జైల్లో పెట్టమని సైన్యాధికారులు పెద్ద కట్టలో కలిపి తెచ్చిన ఉత్తర్వు అదని తర్వాత తెలిసింది.

ఆయన తలెత్తి, సత్తన్న దగ్గర నేర్చుకున్న తెలుగులో అన్నారు: "చదవలే, రాజవ్వా."

గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆ మాట ఆ నోటి నుంచి వచ్చిందంటే ఈనాటికీ నమ్మబుద్ధి కాదు.

తినకుండానే లేచి జైలుకు వెళ్లారు. సత్తన్న ముందు రోజే జ్వరంతో చనిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన రేడియోలో మాట్లాడారు. ఎవరి మీదా నెపం వేయలేదు. చదవకుండా సంతకం పెట్టానని, ఒక మనిషి చనిపోయాడని దేశమంతటికీ చెప్పారు. మూడో రోజు సైన్యం ఆయనను దించి ఇంట్లోనే బంధించింది. ఇప్పుడు ఉన్నారో లేరో నాకు తెలియదు.

సత్తన్న శవపెట్టెతో పాటు నేనూ తిరిగివచ్చాను. బయలుదేరేముందు విమానాశ్రయంలో శవాన్ని అప్పగిస్తూ ఇచ్చిన కాగితం తెలుగులో ఉంది. ఆయన చట్టాన్ని ఇంకా రద్దు చేయలేదు. సత్తన్న నేర్పిన అక్షరాలతోనే సత్తన్న పేరు కూడబలుక్కుని చదివి, సంతకం పెట్టాను.

బ్యాంకులో ముసలమ్మ వేలు సిరా మీదికి వెళ్తుంటే ఆ చేయి పట్టుకున్నాను. కాగితం తీసుకుని మొదటి ముక్క నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు.

"ఆగుండ్రి, ఇంక సగముంది" అన్నాను.