సుగుణమ్మ సొంత కళ్లు

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర మాదొక చిన్న ఫోటో స్టూడియో. ఫోటోలు తీసేది మా ఆయన బాబురావు, వాటిని కంప్యూటర్లో సరిచేసేది నేను. మొటిమలు తీసేస్తాను, పెళ్లికొడుకులకు జుట్టు పెంచుతాను, మూసుకున్న కళ్లు తెరిపిస్తాను. ఈ చివరి పని నాకు తక్కువే పడుతుంది. ఫ్లాష్ పడినా కళ్లు మూయకుండా తీయడంలో తనను మించినవాడు లేడని మా ఆయన రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు.

సుగుణమ్మ వచ్చేదాకా చెప్పాడు.

సుగుణమ్మ మా గల్లీ చివర పాలు పోస్తుంది. అరవై ఎనిమిదేళ్లు. పదేళ్లప్పుడు బర్రె కింద కూర్చున్న మనిషి ఇప్పటికీ లేవలేదు. ఆరు బర్రెలు, ఒక కోడలు, ఎదురు చెప్పని మొగుడు గుండయ్య. ఇరవై ఏళ్లుగా మాకు ఆమె పాలే. పాలు చిక్కన, మాట ఇంకా చిక్కన. కొలత అంచు దాకా పోస్తుంది, ఆపైన ఒక్క చుక్క కొసరు అడిగామో మన పని అయిపోయినట్టే.

ఒక మధ్యాహ్నం పట్టుచీర కట్టుకుని, గుండయ్యను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది. చంకలో కొడుకు పెళ్లినాటి ఫ్రేము.

"గీ కండ్లు ఎవరివో చెప్పు సుజనా" అంది.

చూశాను. ముఖం ఆమెదే. కళ్లు మాత్రం మెత్తగా, సిగ్గుసిగ్గుగా ఉన్నాయి.

"మా చెల్లెవి. నేను కండ్లు మూస్కున్న అని, ఆ పెళ్లికొచ్చిన ఫోటోలాయన మా చెల్లె కండ్లు తెచ్చి నాకు పెట్టిండు. పన్నెండేండ్ల సంది మా చెల్లె గోడ మీదికెళ్లి మా ఇంట్ల అందర్ని సూస్తుంది."

"మంచిగనే ఉన్నయి గదా" అన్నాడు గుండయ్య. ఆ రోజు ఆయన మాట్లాడింది అంతే.

ఆమెకు కావలసింది రేపు తను పోయాక దండ వేసే ఫోటో. తన పెళ్లి, పిల్లల పుట్టువెంట్రుకలు, సదర్ పండుగలో దున్నపోతు పక్కన నిలబడినది, ఉన్న ఫోటోలన్నింట్లోనూ కళ్లు మూసే ఉన్నాయి.

"కండ్లు మూసిన ఫోటోకు దండేస్తే సచ్చినంక తీసిండ్రు అంటరు. రేపు మనవరాండ్లు గోడ దిక్కు సూసి మా నానమ్మ అనాలె, చిన్న నానమ్మ అనొద్దు. నాకు నా కండ్లే కావాలె బిడ్డా." చివరి మాట దగ్గర గొంతు తగ్గింది. అప్పటిదాకా ఆపుకుంటున్న నా నవ్వు ఎటో పోయింది.

మా ఆయన చొక్కా చేతులు మడిచాడు. ఫ్లాష్ ముఖం మీద పడకుండా పైకప్పు వైపు తిప్పాడు. మూసింది. "ముందే మూస్కో పెద్దమ్మా, మూడు అన్నంక తెరువు" అన్నాడు. ఎవరి దగ్గరా తప్పని ఉపాయం అది. మూడు అనగానే తెరిచింది, ఫ్లాష్ వెలిగేలోపు మళ్లీ మూసింది. ఫ్లాష్ మానేసి పెద్ద లైట్లు వేస్తే కళ్లు చికిలించింది. మళ్లీ ఫ్లాష్ పెట్టి వరుసగా నలభై తీశాడు. నలభైలోనూ సుగుణమ్మ హాయిగా నిద్రపోతోంది.

"నేనేం జెయ్యాలె? బర్రె తోక ఎప్పుడు మొఖం మీదికొస్తదో తెల్వదు. చిన్నప్పటి సంది గిదే అలవాటు" అంది.

మా ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. నాకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది. రోజూ పొద్దున గిన్నె పట్టుకుని ఆమె ముందు నిలబడేది నేను. పాలు కొలిచేటప్పుడు ఆమె రెప్ప వేయగా ఎన్నడూ చూడలేదు. గల్లీలోకి బోనాల డప్పులు వచ్చినా, పక్కన పటాకులు పేలినా ఆ చూపు కదలదు.

స్టూడియో వెనకే మా ఇల్లు. వెళ్లి పాలగిన్నె తెచ్చాను. మా ఆయనకు సైగ చేసి, కెమెరా పక్కన నిలబడి, గిన్నె చాచాను.

"పెద్దమ్మా, రేపటి సంది దినాం ఇంకో గ్లాసెడు కొసరు పొయ్యాలె."

ఫ్లాష్ వెలిగింది. ఆ కళ్లు రెండూ ఇంతింతయ్యాయి.

"గ్లాసెడా? నీకేమన్న దిమాఖ్ ఉందా?" అని లేచి రెండు నిమిషాలు కడిగిపారేసింది. ఆ రెండు నిమిషాలూ మా ఆయన తీస్తూనే ఉన్నాడు.

కంప్యూటర్లో చూపించాం. తిట్లు ఆగాయి. తెర మీదికి వంగి చాలాసేపు చూసుకుంది. "గీమెనే" అంది మెల్లగా. "గీమె నేనే." గుండయ్య తెర చూసి, అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

బతికుండగా ఆ ఫోటో గోడకెందుకని కోడలు అంది. సుగుణమ్మ వినలేదు. చెల్లెలి కళ్లున్న ఫ్రేమును చాంద్రాయణగుట్టలో ఉన్న ఆ చెల్లెలికే పంపించేసి, కొత్తదాన్ని పాలు పోసే చోట, క్యాన్ల పైన పెట్టించింది. కొసరు అడగబోయినవాళ్లు ఒకసారి పైకి చూసి, గిన్నె వెనక్కి తీసుకుంటున్నారు.

అది గోడకెక్కిన రోజు నేను భయపడుతూనే గిన్నె పట్టాను. ఎప్పటిలాగే రెప్ప వేయకుండా లీటరు కొలిచి పోసింది. నేను గిన్నె తీయబోతుంటే ఆగమని చెయ్యి అడ్డం పెట్టి, క్యాన్‌లోంచి ఇంకో గ్లాసెడు ముంచింది.

అది పోసేటప్పుడు మాత్రం కళ్లు గట్టిగా మూసుకుంది.