కందిరీగా, దాని పెద్ద జాతా: ముసునూరు తోటలో ఒక ఉదయం

వేసవిలో చాలామంది మామిడి తోటలు చూడటానికి నూజివీడు వెళ్తారు. నేను వెళ్లింది మా నాన్నని ఇంటికి తీసుకొచ్చేద్దామని. ఆయన మామిడి కోత ముఠాలో పనిచేస్తాడు. కిందటి వేసవిలో కందిరీగలు కుట్టి, ముఖం వాచి, ఊపిరాడక రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్లీ కుడితే ప్రమాదమని, గూళ్ల దగ్గరికి వెళ్లొద్దని డాక్టరు చీటీ మీద రాశారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే, అందుకని ఆ చీటీ చదివి చెప్పింది నేనే. అయినా ఈ ఏడు మళ్లీ కోతకి వెళ్లాడు.

విజయవాడలో ఐదున్నరకి బస్సెక్కితే ఏడింటికి నూజివీడు, టికెట్టు వంద లోపే. అక్కణ్ణుంచి ముసునూరు వైపు షేర్ ఆటోలుంటాయి. తోట లోపలి దాకా కావాలంటే మాత్రం విడిగా మాట్లాడుకోవాలి. నేను రెండు వందలిచ్చాను.

"కాయలకాండి?" అన్నాడు డ్రైవరు.

"మా నాన్న కోసమండి. తీసుకెళ్లిపోదామని."

"కోతల మధ్యలోనా? మేస్త్రి మిమ్మల్ని కూడా చెట్టెక్కించేస్తాడు, చూస్కోండి."

ఎనిమిదింటికి తోటలో అడుగుపెట్టేసరికి ముఠా అంతా నేల మీద కూర్చుని ఉంది. కాయలు కోసే గడకర్రలు పక్కన పడి ఉన్నాయి. నాన్న ఒక్కడే చేతిలో పాతచీర పేలికలతో, తల పైకెత్తి చెట్ల మధ్య తిరుగుతున్నాడు.

"టిఫిన్ తిన్నావా తల్లీ?"

"బట్టలు సర్దుకో నాన్నా, వెళ్దాం."

"ఇంకో నాలుగు చెట్లున్నాయి. రా, చూద్దువుగాని."

మొదటి చెట్టుకి దూరంగా నిలబెట్టి చూపించాడు. కొమ్మ కింద తామరకాయ బోర్లించినట్టు చిన్న గూడు, గదులన్నీ కింద నుంచి కనిపిస్తున్నాయి. "ఇవి మామూలు కందిరీగలు. నడుం దారప్పోగంత. ఎగిరేటప్పుడు కాళ్లు వేలాడేస్తాయి." గుర్తుగా ఇవతలి చెట్టుకి ఒక పేలిక కట్టాడు. ఒక పేలికుంటే గూడున్న వైపు వదిలేసి, రెండో వైపు నుంచి కోస్తారట.

తర్వాతి చెట్టులో తలకాయంత బూడిదరంగు బంతి కనిపించింది. అదీ అలాంటిదే అనుకుని ఫొటో కోసం ఫోన్ తీసి ముందుకెళ్లాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. గదులు కనిపిస్తున్నాయా?"

"లేదు. అంతా మూసేసి ఉంది. ఒక్కటే కన్నం."

"అవి పెద్ద జాతి. నన్ను కుట్టినవి అవే."

కన్నంలోంచి ఒకటి బయటికొచ్చింది. లావుపాటి నల్లటి ఒళ్లు, పొట్టకి అడ్డంగా వెడల్పాటి పసుపు పట్టీ. చప్పుడు చేయకుండా వెనక్కి నడిచాం. ఇవతలి చెట్టుకి రెండు పేలికలు కట్టాడు. ఇక ఆ పక్కకి ఎవరూ పోరు.

నాకు ఏడుపొచ్చింది. "ఈ పనికి నువ్వే దొరికావా?"

ముఠాలోంచి మేస్త్రి లేచి వచ్చాడు. "మీ నాన్న ఈ ఏడు చెట్టెక్కలేదమ్మా. మేం ఎక్కనివ్వలేదు. ఆయన చూసి చెప్పందే మేమూ ఎక్కట్లేదు. నీకు చెప్పలేదా?"

"చెబితే నమ్ముద్దా?" అన్నాడు నాన్న. "దగ్గరికెళ్లొద్దని చీటీలో ఉందన్నావుగా. పది అంగల దూరంలోనే ఉంటన్నా."

మిగతా చెట్ల దగ్గర ఆయన అంగలు లెక్కపెట్టాను. ఎక్కడా పదికి తగ్గలేదు.

ఆ చీటీ చదివినప్పుడు నాకు భయం ఒక్కటే కనిపించింది. నాన్న అదే చీటీ విని, తన ప్రాణంతో పాటు పదిమందినీ కాపాడే పని వెతుక్కున్నాడు. ఏదైనా జరిగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లేలా తోటలో ఎప్పుడూ ఒక బండి ఉంచుతానని మేస్త్రి దగ్గర మాట తీసుకుని, మధ్యాహ్నం బస్సుకి ఒక్కదాన్నే తిరిగొచ్చాను.

మీరు తోటకి వెళ్తే, నీడలోకి పోయేముందు పది అంగల దూరంలో ఆగి కొమ్మల్లోకి చూడండి. గూడు ఏ రకమైనా దగ్గరికి పోవద్దు. గదులు కనిపించకుండా మూసి ఉంటే మాత్రం చేతులు విసరకుండా, పరిగెత్తకుండా, వచ్చిన దారినే వెనక్కి నడవండి.