గడియారాలాయన డాబా మీది మీసాల ఈగలు

మా మేడమెట్ల దగ్గర ఒక మాట పుట్టింది. కొళాయి దగ్గర దానికి కాళ్ళొచ్చాయి. వీధి చివరికి చేరేసరికి రెక్కలే మొలిచాయి. పై వాటాలో ఉండే గడియారాలాయన డాబా మీద కందిరీగలు పెంచుతున్నాడట. తేనె కోసమని ఒకరు, పడనివాళ్ళ మీదికి వదలడానికని ఇంకొకరు. కందిరీగ తేనె పెట్టదని కూడా ఎరగని నోళ్ళవి. అసలు సంగతి నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆయన వీధి మలుపులో మంచమంత కొట్టు పెట్టుకుని గడియారాలు బాగుచేస్తాడు. పెళ్ళి చేసుకోలేదు, అక్కతో ఉంటాడు. ఆ ఇంట్లో వంటా పెత్తనమూ ఆవిడవే. ఈయన మాట్లాడేది తక్కువ. ఆ లోటూ ఆవిడే తీరుస్తుంది. ఈయనకున్న సరదా అల్లా డాబా మీద కుండీల్లో పాకించిన చిక్కుడు పాదులు.

ఆ పాదులకు పేనుబంక పట్టింది, పేలలా అంటుకుని రసం పీల్చే నల్లటి చీడ. లేత కొమ్మలన్నీ నల్లగా మెత్తినట్టయ్యాయి. వాటి మధ్య కాళ్ళు లేని పచ్చటి పురుగులు జలగపిల్లల్లా పాకుతుంటే, పాదును తినేస్తున్నది ఇవేననుకున్నాడు. గడియారంలో నలుసు తీసే మనిషి కదా, సన్న పట్టకారుతో ఒక్కొక్కదాన్నే ఏరి సబ్బునీళ్ళలో వేశాడు. ఇంకొకడైతే ఇంత మందు కొట్టేవాడు, అన్నీ కలిసి పోయేవి. ఈయన పనితనానికి పురుగులు మాత్రమే పోయి, పేనుబంక రెట్టింపైంది.

ఇదేం చోద్యమని మిగిలిన ఒక పురుగును ఆకుతో సహా ఇంట్లోకి తెచ్చాడు. పాత గడియారపు అద్దం దాని మీద బోర్లించి, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. అది ఆకు జోలికే పోలేదు. పేనుబంకలో ఒకదాన్ని నోటితో పైకెత్తి, రసమంతా జుర్రి, తోలు పారేసి, ఇంకోదాన్ని అందుకుంది.

"దొంగల్ని వదిలేసి పోలీసుల్ని పట్టుకున్నాను పెద్దమ్మా" అన్నాడు తర్వాత నాతో.

రోజూ పేనుబంక పట్టిన లేతాకు పెట్టి దాన్ని మేపాడు. అది తిని తిని, చివరికి కన్నీటిబొట్టంత గూడై ఆకుకు అతుక్కుపోయింది. ఒక పొద్దున వాళ్ళక్క బల్ల తుడవబోయి అద్దం ఎత్తింది. పసుపూ నలుపూ చారలది రివ్వున ముఖం ముందు నుంచి ఎగిరింది. ఒకప్పుడు కందిరీగ కుట్టి ముఖం బూరెలా పొంగిన మనిషి ఆవిడ. పెట్టిన కేకకు మేడంతా మెట్ల దగ్గర పోగైంది. పుకారు పుట్టింది అక్కడే.

"ఆదివారానికి ఆ కుండీలైనా ఉండాలి, నేనైనా ఉండాలి. చెల్లెలింటికి పోతాను" అని ఆవిడ సంచి సర్దేసింది.

ఆదివారం ఆయన కత్తెర పట్టుకుని డాబా ఎక్కాడు. మోకాళ్ళు వద్దంటున్నా వెనకే నేనూ ఎక్కాను.

"ఏదబ్బాయ్ నీ సైన్యం?" అన్నాను.

"అవి కందిరీగలు కావు పెద్దమ్మా, ఈగలు. కాలేజీలో పురుగుల పాఠం చెప్పే టీచరమ్మ గడియారం బాగుకి తెస్తే, ఆవిడకి చూపించా. పూల ఈగ అంది."

"మరి ఆ చారలేంటి?"

"వేషం. పిట్టలు కూడా మీలాగే భయపడి వదిలేస్తాయంట. కుట్టడానికి కొండే లేదు."

చిక్కుడు పూల ముందు ఒకటి, గాలిలో మేకు కొట్టి తగిలించినట్టు కదలకుండా నిలబడింది. ఆయన చెయ్యి చాపితే వేలి మీద వాలి చెమట నాకింది. జేబులోంచి గడియారపు అద్దం తీసి మెల్లగా దాని మీద మూత పెట్టాడు.

"కత్తెర కింద పెట్టు" అని చెప్పి, కిందికి పోయి వాళ్ళక్కను లాక్కొచ్చాను. ఆవిడ ముఖానికి తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోనే ఆగింది.

"నేనిక్కడ్నుంచే చూస్తా పెద్దమ్మా."

"అంత దూరం నుంచి చూస్తే నేనూ కందిరీగలాగే ఉంటాను. రా ఇటు."

వచ్చింది. ఆయన భూతద్దం ఆవిడ కంటికి పెట్టాడు.

"కందిరీగకి నాలుగు రెక్కలక్కా, దీనికి రెండే. తలంతా కళ్ళే చూడు. నడినెత్తిన రెండు కళ్ళూ కలిస్తే మగది, సందుంటే ఆడది. వీపు మీద లావు చార, దాని పక్కన మీసం గీసినట్టు సన్న చార ఉందా? ఈ రకానికి అదే గుర్తంట."

ఆవిడ చాలాసేపు చూసింది. తువ్వాలు ఎప్పుడు జారిందో ఆవిడకే తెలియదు.

"అచ్చం నాన్న మీసంరా తమ్ముడూ. ఇదేం తింటుంది?"

"పుప్పొడి, పూలతేనె. పేనుబంక తినేది చిన్నప్పుడే. అందుకే తల్లి సరిగ్గా దాని పక్కనే గుడ్డు పెట్టి పోతుంది."

"కంచం ముందే పిల్లని కన్నదన్నమాట. అయితే నువ్వు సబ్బునీళ్ళలో ముంచింది దీని పిల్లల్నా? పాపిష్టివాడా."

అంతే, తీర్పు మారిపోయింది. కుండీలు మాత్రం బట్టల తీగకు దూరంగా అవతలి గోడకు జరపాలంది. ఆయన జరుపుతుంటే, ఆవిడ సంచి విప్పడానికి కిందికి వెళ్ళింది.

నాకు మాత్రం కడుపులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. మెట్లు దిగుతూ అడిగేశాను.

"నిజం చెప్పు అబ్బాయ్. మీ అక్క ఒప్పుకోకపోతే అన్నీ కోసేసేవాడివేనా?"

"కోసేసేవాణ్ణే పెద్దమ్మా. విత్తనం వేస్తే పాదు మళ్ళీ వస్తుంది, బంక పడితే ఈగ దానంతటదే వస్తుంది. అలిగి పోయిన అక్కని వెనక్కి తేవడం ఒక్కటే నాకు చేతకాదు."